కౌంటరు లేని సఫారీ: కొన్ని తలకిందుల సలహాలు

టికెట్ కౌంటరు లేని చోటికి పోండి. సఫారీకి ఎక్కడికి పోతే బాగుంటుందని అడిగినవాళ్లకి నేనిచ్చే మొదటి సలహా ఇదే. చేతిలో డబ్బుంది, పది రోజుల సెలవుంది. బండి మనమే నడుపుకోవాలి, ఎడారిలాంటి నేల చూసుకుంటూ పోయి చివరికి సముద్రం చేరాలి, రాత్రిళ్లు మెత్తటి పరుపూ వేణ్ణీళ్లూ ఉండాలి. ఇంత ఆశతో వచ్చి అడిగితే ఇదేం తలతిక్క సలహా అంటారు. అననీ. ఈ కింద రాసేవన్నీ అలాంటివే. ఏ ఒక్కటీ మాటవరసకి చెప్తున్నది కాదు.

మా వైపు నుంచి చదువుకుని పోయి బెంగళూరులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన పిల్లల నోట ఈమధ్య నమీబియా పేరు వినపడుతోంది. ఆఫ్రికా నైరుతి మూలన ఉన్న దేశం. 8 లక్షల 25 వేల చదరపు కిలోమీటర్ల నేల, 30 లక్షల జనం. బండ్లు మనలాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తాయి. విండ్‌హుక్‌లో పెద్ద టైర్ల బండి అద్దెకి తీసుకుని సోసస్‌వ్లే ఎర్ర ఇసుకదిబ్బలు చూసి, గులకరోడ్ల మీద పడమటికి పోతే అట్లాంటిక్ ఒడ్డున వాల్విస్ బే, స్వాకోప్‌ముండ్ వస్తాయి. ఎడారి అక్కడ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. చల్లటి బెంగ్వెలా ప్రవాహం మీద పుట్టిన పొగమంచు తెల్లవారుజామున ఇసుక మీదికి పాకి వస్తే, వాన ఎరగని ఆ నేలలో కొన్ని పురుగులు ఒంటి మీద పట్టిన ఆ తేమనే తాగి బతుకుతాయి. వాల్విస్ బే ఉప్పునీళ్లలో ఫ్లెమింగోలు వేలల్లో నిలబడి ఉంటాయి.

పోవద్దనను. పోతే మాత్రం ఏ ఫోటోలోనూ పడని ఒక సంగతి చూసి రండి. 1990లో స్వతంత్రమైన ఆ దేశం 1996లో చట్టం సవరించి, ఉమ్మడి భూముల మీద బతికే పల్లెజనం ఒక సంఘంగా ఏర్పడితే అక్కడి అడవి జంతువుల వల్ల, వాటిని చూసేకి వచ్చే పర్యాటకుల వల్ల వచ్చే రాబడి ఆ సంఘానికే చెందేలా ఏర్పాటు చేసింది. వీటిని కన్సర్వెన్సీలంటారు. 1998లో మొదటి నాలుగు నమోదయ్యాయి, ఇప్పుడు 80 దాటాయి. ఆ మొదటి నాలుగింటిలో ఒకటైన టోరాలో ఖరీదైన గుడారాల విడిది ఒకటుంది. అందులో వంట చేసేవాళ్లు, బండి నడిపేవాళ్లు, దారి చూపేవాళ్లు ఎక్కువమంది ఆ చుట్టుపక్కల పల్లెలవాళ్లే, రాబడిలో వాటా కూడా వాళ్లకి పోతుంది. ఏనుగు వచ్చి నీళ్లతొట్టి పగలగొడితే, సింహం వచ్చి ఆవుని పట్టుకుపోతే నష్టం ఇప్పటికీ పల్లెదే. కానీ అదే ఏనుగు వల్ల నాలుగు రూకలు కూడా ఆ పల్లెకే వస్తున్నాయి. కరువుకీ వేటకీ తరిగిపోయిన ఖడ్గమృగాలు ఆ దేశపు వాయవ్య కొండల్లో మళ్లీ పెరగడానికి ఈ ఏర్పాటు ఒక ముఖ్య కారణం.

మా ఆలూరులో ఆ ఏర్పాటు లేదు. జంతువులు మాత్రం ఉన్నాయి.

ఆలూరు ఒకప్పుడు బళ్లారి జిల్లా తాలూకా. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకి పోయి, ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఇటు వచ్చాయి. చెట్టు తక్కువ, ఆకాశం ఎక్కువ. వాన పడితే పంట, పడకపోతే వలస. ఈ నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుతాయి. మన రాష్ట్ర జంతువు ఇదే. ఆలూరు, హాలహర్వి, హొళగుంద, ఆదోని, పత్తికొండ, ఎటు పోయినా పొద్దున్నే రోడ్డు మీది నుంచే కనపడతాయి. మగదాని వీపు నలుపు, పొట్ట తెలుపు, మెలితిరిగిన కొమ్ములు. ఆడవి గోధుమ రంగు. ఒకటి బెదిరి ఎగిరితే వెనకాల వరసగా అన్నీ ఎగురుతాయి, అడ్డమేమీ లేకపోయినా. వేరే రాష్ట్రాల పార్కుల్లో జీపుకి వేలు పోసి చూసే దృశ్యం ఇక్కడ కంచె లేకుండా, గేటు లేకుండా, ఉచితంగా దొరుకుతుంది.

ఆ 'ఉచితంగా' అన్నదాంతోనే నాకు పేచీ. ఉచితం ఎవరికి? జింక నిలబడిన చోటు ఎవరిదో చేను. అది మేస్తున్నది ఎవరో అప్పు తెచ్చి విత్తిన శనగ. పత్తి మొలక రెండాకులు వేసేసరికి కొరికేస్తే మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ వాన కోసం చూడాలి. జింకని కొట్టడానికి లేదు, 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లో పెట్టింది. పెట్టడం న్యాయమే. పరిహారం ఉంది, కానీ దాని కోసం తిరిగిన రైతుని అడిగితే ఫోటోలు, పత్రాలు, కూలి పోగొట్టుకున్న రోజులు ఏకరువు పెడతాడు. దేశానికి గర్వకారణమైన జంతువుని మేపే ఖర్చు ఎకరం రెండెకరాల రైతు నెత్తిన పడింది. మనం కారు అద్దం దించి ఫోటో తీసుకుని పోతున్నాం.

అందుకే రెండో సలహా: రోడ్డు మీద నుంచి జింకల్ని చూడొద్దు. ముందు ఆ చేను ఎవరిదో కనుక్కోండి.

డిసెంబరులో రండి. శనగ అప్పటికి మోకాలికి కాస్త తక్కువగా ఉంటుంది. ఆ నెలలో మా పల్లెలు సగం ఖాళీగా ఉంటాయని ముందే తెలుసుకోండి. దసరా, దీపావళి దాటితే చాలా కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయ కోతకీ, తెలంగాణలో పత్తి తీతకీ. ఊళ్లో ముసలివాళ్లూ బడి పిల్లలూ మిగులుతారు. చేనికి రాత్రి కాపలా ఆ ముసలాయనే కాయాలి. చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉంటాయి, అడవిపందీ జింకా గాలికి కదిలే రంగు చూసి బెదురుతాయని. మధ్యలో నాలుగు గుంజల మీద మంచె. మంచె మీద ఒక గోనెపట్టా, టార్చిలైటు, తట్టడానికి ఖాళీ నూనె డబ్బా.

ఆ మంచె అద్దెకి అడగండి. ఆఫ్రికాలో నీటిగుంట పక్కన దాక్కుని చూసే గూళ్లకి డబ్బు కడతారు కదా, ఇక్కడ అది మంచె. తెల్లారగట్ల నాలుగున్నరకి పోవాలి. "ఎవురప్పా మీరు, ఇంత పొద్దున్నే యాడికి?" అని అడుగుతాడు. "జింకల్ని చూసేకి వచ్చినాం పెద్దాయనా" అనండి. "చూసేకేముంది, నా చేన్లోనే కదా తింటాండేది" అంటాడు. అక్కణ్నుంచి మాట మీరు మోసుకుపోనక్కర్లేదు. ఏ విత్తనం ఎంతకి కొన్నాడో, ఎన్నిసార్లు విత్తాడో, కొడుకు ఏ ఊళ్లో కూలికి ఉన్నాడో అన్నీ చెప్తాడు. వినండి. వెలుతురు వచ్చేసరికి చేనుకి అటు చివర ఒక నల్లమగది తల ఎత్తుతుంది. పక్కన ఆడవి శనగ చిగురు తుంచుతుంటాయి. తుంచిన చప్పుడు వినపడదు గానీ తుంచిన చోటు తెలుస్తుంది, మొక్క మొక్కకీ కొన మాత్రమే పోయి ఉంటుంది. ఆయన డబ్బా ఎత్తుతాడు. తట్టొద్దని మాత్రం అనకండి. మీ ఫోటో కంటే ఆ చిగురు ముఖ్యం. మంచె దిగి చేల్లో నడిచేటప్పుడు మంచి తోలుచెప్పులు వేసుకోవద్దు. శనగాకు మీది మంచునీళ్లు పులుపు. తోలు పాడవుతుంది, కాళ్లు దురదపెడతాయి.

ఎంత ఇవ్వాలి? పేరున్న పార్కులో పొద్దుటి జీపుకి కుటుంబమంతా కలిసి ఎంత కడతారో అంత ఇవ్వండి. రూపాయి తగ్గించొద్దు, బేరమాడొద్దు. జింక కనపడకపోయినా అంతే ఇవ్వండి. అది కనపడని పొద్దున ఆయన పంట నిలిచిన పొద్దున, ఆ పూటకి ఇంకాస్త ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఇక్కడొక చిక్కుంది. ఒక్కడి చేతిలో డబ్బు పెట్టి పోతే పక్కచేను వాడికి మంట. జింక ఇద్దరి చేలూ తింటుంది. కాబట్టి ఊళ్లో పొదుపు సంఘం ఆడవాళ్లతో మాట్లాడి పొద్దుటి ఉగ్గాణీ బజ్జీ, మధ్యాహ్నం జొన్నరొట్టె, బుడ్డల చట్నీ వాళ్ల చేతే చేయించుకోండి. రైతులు నలుగురైదుగురు కలిసి వంతుల ప్రకారం మంచెలు ఇచ్చుకునేట్టు మాట్లాడండి. నమీబియాలోలా ఇక్కడా చట్టం మారేదాకా ఆగితే సుగ్గికి పోయే బండ్లు అట్లే పోతూనే ఉంటాయి.

అధికారులకి కూడా ఒక మాట. జింకల బాధ ఎక్కువైందంటే పట్టి వేరే చోటికి తరలించే ఆలోచనే ముందు వస్తుంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ వైపు దక్షిణాఫ్రికా నిపుణుల సాయంతో హెలికాప్టరుతో తోలి, బోమా అనే గరాటు ఆకారపు ఆవరణలోకి మళ్లించి కృష్ణజింకల్ని తరలించారు. ఆఫ్రికా నుంచి ఆ పద్ధతి తెచ్చుకోగలిగినవాళ్లం, అదే ఆఫ్రికా నుంచి రాబడిలో పల్లెకి వాటా ఇచ్చే పద్ధతి తెచ్చుకోలేమా? ఆలూరు, హొళగుంద మండలాల్లో నాలుగైదు ఊళ్లలో మొదలుపెట్టి చూడొచ్చు. ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

ఇక బండి సంగతి. అందరూ ఎత్తైన బండి తీసుకోమంటారు. నేను చిన్న కారు తీసుకోమంటాను. ఎత్తైన బండి ఉంటే రోడ్డు దిగబుద్ధవుతుంది. మా మెట్టభూముల్లో చాలా పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. తీతువు గుడ్డు చుట్టూ ఉన్న రాళ్ల రంగులోనే ఉంటుంది, మనిషి కంటికే ఆనదు, టైరుకి ఏం ఆనుతుంది? నమీబియాలో కూడా గులకమైదానాల్లో రోడ్డు దిగడం నేరం. ఒక్కసారి పడిన చక్రాల గాడి దశాబ్దాలు చెరగదు, దాని కింద నలిగిన నాచులాంటి లైకెన్ మళ్లీ పెరగడానికీ అంతే కాలం పడుతుంది. ఆ గులకరోడ్ల మీద అద్దె బండ్లవాళ్లే గంటకి 80 కిలోమీటర్ల వేగం దాటొద్దని చెప్తారు. ఎదురుగా ఏ బండీ లేకుండానే జారి బోల్తా పడేవాళ్లు అక్కడ ఎక్కువ. చిన్న కారుకి బురద భయం, గుంత భయం ఉంటాయి. ఆ భయం వల్ల మీరు రోడ్డు మీదే ఉంటారు, ఊరి దగ్గర ఆగి దారి అడుగుతారు. అడిగిన చోటల్లా ఒక మనిషి పరిచయమవుతాడు.

దారి కూడా దగ్గరిది పట్టొద్దు. ఆలూరు నుంచి గుత్తికి గుంతకల్లు మీదుగా పోకుండా పత్తికొండకి తిరగండి. 1827 జులై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఇక్కడే కలరాతో చనిపోయాడు. పదవి వదిలి పోయే ముందు దత్తమండలాన్ని ఆఖరిసారి చూసేకి వచ్చి, దారిలో రోగం తగిలి. అంతకు చాలా ముందు, 1800 నుంచి 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టరుగా ఉన్నప్పుడు చేను చేనుకీ కొలత వేయించి, ఏ చేనుకి ఎవరు శిస్తు కట్టాలో రైతు పేరుతో రాయించాడు. ఆ శిస్తు మంచిచెడ్డలు వేరే కథ. బండిలో పోతూ ఖాళీ నేల అనుకునే ప్రతి తునకకీ రెండువందల ఏళ్లుగా కాగితం మీద ఒక మనిషి పేరుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఆ పేరు తెలుసుకోకుండా ఆ నేల చూశాననుకోవద్దు.

పత్తికొండ నుంచి తుగ్గలి, జొన్నగిరి. తొలకరి పడితే ఈ చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద మకాం పెడతారు. డిసెంబరులో ఎవరూ ఉండరు, మీరూ ఆగొద్దు. గుత్తి రోడ్డున ఎర్రగుడి దగ్గర మాత్రం పూట కేటాయించండి. అక్కడి బండల మీద అశోకుడి పెద్ద శాసనాలు పద్నాలుగూ ఉన్నాయి, చిన్న శాసనం కూడా ఉంది. చిన్న శాసనంలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకి నాగలి చాలు తిరిగినట్టు చెక్కి ఉంటాయి. మొదటి పెద్ద శాసనంలో రాజుగారి వంటశాల లెక్క ఉంది: ఒకప్పుడు లెక్కలేనన్ని జీవాలు తెగేవి, ఇప్పుడు రోజుకి రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందు ముందు అవీ ఉండవని చెప్తాడు. పొద్దున చేలో చూసిన జాతి గురించి ఈ నేల మీదే రెండువేల రెండువందల ఏళ్ల కిందట రాతి మీద రాశారు. రెండో శాసనంలో దారుల వెంట మనుషుల కోసం, పశువుల కోసం బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి ఉంది.

దాన్నుంచే నా తర్వాతి సలహా. వేణ్ణీళ్ల టబ్బున్న గది తీసుకోవద్దు. కొళాయి ఎప్పుడొస్తుందా అని బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్ల మీదుగా వచ్చి, రాత్రికి అక్కడే ఒక తొట్టినిండా నీళ్లు పోసుకుని పడుకోవడం విలాసం కాదు. బకెట్టు చాలు. మీకు కావలసినదానికి రెట్టింపు తాగునీళ్లు బండిలో వేసుకోండి. దారిలో గొర్రెల కాపరి ఆపితే ఇవ్వండి, ఆపకపోయినా ఆగి అడిగి ఇవ్వండి.

గుత్తి నుంచి 67వ నంబరు జాతీయ రహదారి మిమ్మల్ని సముద్రం దాకా తీసుకుపోతుంది. తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు, చివర కృష్ణపట్నం రేవు. బళ్లారి వైపు ఎండుగాలి నుంచి ఉప్పుగాలి దాకా ఒకటే రోడ్డు. ఒక్క పగలులో దాటేయొచ్చు. దాటొద్దు, వారం పెట్టుకోండి.

గండికోటకి సూర్యోదయానికే పోవాలంటారు. ఆ వేళకి లోయ అంచున కాలు పెట్టే చోటు ఉండదు. మధ్యాహ్నం మూడింటికి పోండి. ఎర్రరాయి అప్పుడు కాలుతూ ఉంటుంది, పెన్న కింద సన్నగా కనపడుతుంది. కోట లోపలే ఊరుంది, అక్కడ ఇంటి అరుగు మీద కూర్చోనిస్తారు. 1652లో ఫ్రాన్స్ నుంచి టావెర్నియర్ అనే రత్నాల వర్తకుడు మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. అమెరికాలోని ఏదో లోయ పేరు దీనికి తగిలించడం మానేయాలి. పెన్న కోసిన గండి, దాని మీద కోట, పేరులోనే అంతా ఉంది.

అసలు పరీక్ష లంకమలలో. మైదుకూరు, బద్వేలు, సిద్ధవటం మధ్య ముళ్లపొదల అడవి. కలివికోడి ఇక్కడిది. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తర్వాత కనపడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దొరకడానికి సాయపడింది ఈ ఊళ్ల వేటగాళ్ల చూపు. రెండేళ్లకి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దీని ఆవాసం మీదుగా వస్తోందని తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చింది.

అంత పేరున్న పక్షిని వెతకొద్దంటున్నాను. అది రాత్రి తిరిగే పక్షి, చెదలూ చీమలూ తింటుంది, పొద్దుగుంకిన తర్వాత చీకటి పడే వేళ కాసేపు మాత్రమే కూస్తుంది. శాస్త్రవేత్తలే దాన్ని కంటితో చూడటం మాని, పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలుగా పరిచి, తెల్లారి దాని మీద పడ్డ కాలిగుర్తులు కొలిచి లెక్కపెట్టారు. మీరు టార్చి వేసి, ఫోన్లో దాని కూత వినిపించి పిలిస్తే, తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందనుకుని మేత మానేసి తిరుగుతుంది. మిగిలిందే కొద్దిపాటి సంతతి. అంతేకాదు, ఎక్కడైనా కూత మీ చెవిన పడినా ఆ చోటు ఎవరికీ చెప్పొద్దు. అటవీశాఖ వాళ్లకి తప్ప. ఫోటో పెడితే మరుసటి వారం పదిబండ్లు వస్తాయి.

లంకమలలో చేయాల్సిన పని మేకల కాపరితో నడవడం, అడవి శాఖ అనుమతి ఉన్న దారుల్లో. ఆ పక్షికి పొదలు మరీ దట్టంగా ఉండకూడదు, మరీ పలచనా కాకూడదు. మధ్య మధ్య బయలు ఉండాలి. ఆ బయలు కొంతవరకు పశువుల మేత వల్ల, పుల్లలు ఏరుకునేవాళ్ల వల్ల నిలబడిందే. ఎక్కువైతే నాశనం, పూర్తిగా ఆపినా పొద మూసుకుపోతుంది. ఈ లెక్క పుస్తకంలో చదవడం వేరు, ఏ పొద దగ్గర మేక ఆగుతుందో ఏది దాటిపోతుందో చూస్తూ నడవడం వేరు.

రోళ్లపాడు ఈ దారిలో లేదు, నందికొట్కూరు వైపుంది. అయినా చెప్పి తీరాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో 614 హెక్టార్ల గడ్డినేలని అభయారణ్యం చేశారు. లోపల గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి. బట్టమేక మాత్రం కరువైపోయింది. ఆ పెద్ద పక్షికి హద్దురాళ్ల లోపలి గడ్డి ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న జొన్న, కొర్ర, బుడ్డల చేలు కూడా కావాలి. కాలువనీళ్లు వచ్చాక ఆ పంటలు మారిపోయాయి. రైతుని తప్పుపట్టను, నీళ్లొస్తే ఎవరైనా డబ్బొచ్చే పంటే వేస్తారు. మెట్టపంటకి గిట్టుబాటు లేకుండా మెట్ట పక్షి ఉండదు. అందుకని సఫారీ గుర్తుగా బొమ్మలూ టోపీలూ కొనొద్దు. డిక్కీలో జొన్నలో కొర్రలో ఒక బస్తా వేసుకుపోండి, రైతు చెప్పిన ధరకి.

బద్వేలు దాటి వెలిగొండలు ఎక్కి దిగితే గాలి మారుతుంది. నెల్లూరు నుంచి దక్షిణంగా నాయుడుపేట, దొరవారిసత్రం. పులికాట్‌కి పరుగెత్తకుండా ముందు నేలపట్టు చెరువు దగ్గర ఆగండి. 1976 నుంచి అభయారణ్యం. గూడబాతులు నీళ్లలో మునిగిన చెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ రెట్టలు కలిసిన చెరువునీళ్లు పొలాలకి పారితే ఎరువు ఆదా అని ఊరివాళ్లు ఎప్పట్నుంచో గమనించారు. వేదురుపట్టులో పెద్ద కొంగలు ఊరి మధ్య చెట్ల మీదే పిల్లల్ని పెడతాయి, కింద ఇళ్లలో జనం సర్దుకుపోతారు. ఇక్కడ పక్షి ఊరికి ఎంతో కొంత ఇస్తోంది, ఊరు పక్షిని ఉంచుకుంటోంది. మా ఆలూరు రైతుకి జింక ఏమీ ఇవ్వదు. రెండు చోట్లా ఉన్నది ఒకే రకం మనుషులు. చట్టం కన్నా, అవగాహన సదస్సుల కన్నా ఈ తేడానే జింక బతుకుని నిర్ణయిస్తుంది. నమీబియా పల్లెల్లో 1996 తర్వాత జరిగింది కూడా ఇదే.

పులికాట్‌లో ఫ్లెమింగో పండగ రోజుల్లో సూళ్లూరుపేట కిటకిటలాడుతుంది. 2001లో మొదలైన పండగ. పండగ చూడాలంటే పండక్కి పోండి, పక్షుల్ని చూడాలంటే అది అయిపోయిన తర్వాతి వారం పోండి. శ్రీహరికోట రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ పోతుంది, రాకెట్ కేంద్రం బస్సులు తిరుగుతుంటాయి. అక్కడ బండి అడ్డంగా ఆపొద్దు. గట్టు దొరికిన చోట దిగి నడవండి. నీళ్లు చాలాచోట్ల మనిషి నడుముకి కూడా రావు. ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదనీళ్లు లోపలికి లాగి, వడకట్టి వదులుతూ ఫ్లెమింగోలు గంటల తరబడి మేస్తాయి. అవి ఒకసారి లేచాయంటే మేత పోయినట్టే.

తడ దగ్గర భీమునివారిపాలెంలో పడవ ఎక్కితే పడవాయనకి ముందే చెప్పండి: "అన్నా, దగ్గరికి పోవద్దు. అవి తల ఎత్తేలోపే ఆపు." సామాన్యంగా అందరూ ఇంకా దగ్గరికి పొమ్మనే అడుగుతారు, పక్షులు లేచినప్పుడు గులాబిరంగు రెక్కలు ఫోటోలో పడతాయని. దూరంగా ఆపినందుకు రెట్టింపు ఇవ్వండి. సముద్రానికి తెరుచుకునే మొగలు ఇసుకతో పూడుకుపోతుంటే చేపా రొయ్యా తగ్గి, వలతో బతకడమే కష్టమైపోతోంది ఈ ఒడ్డు జనానికి. పక్షి నిలబడితే తనకి రెట్టింపు వస్తుందని తెలిసిన పడవాయన రేపు వచ్చేవాళ్లకి మీరు చెప్పక్కర్లేకుండానే ఆ దూరం పాటిస్తాడు. ఎన్ని గంటలకి బయల్దేరాలో కూడా ఆయన్నే అడగండి, గాలి లేచే వేళ ఆయనకి తెలిసినట్టు ఏ ఫోనుకీ తెలియదు.